మూడో కుర్చీ

గురువారం ఉదయం తొమ్మిది కాకముందే ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఎక్కుతూ రెండుసార్లు ఆగి వెనక్కి చూసుకోవడం మరిది కిటికీలోంచి గమనించాడు. గమనించినందుకు తనలో తనే కాస్త మురిసిపోయాడు. అసిస్టెంటుగా చేరి మూడేళ్ళయినా, వదిన కంటే ముందు తను ఏదైనా చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

వదిన అతనికి వదిన, బయట బోర్డు మీద ప్రైవేటు డిటెక్టివ్. అంతకు ముందు ఇరవై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. ఎవరి వేళ్ళు ఎక్కడ తడబడుతున్నాయో చెవులతోనే కనిపెట్టడం అక్కడే అలవాటైంది. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆ అలవాటుతోనే మనుషుల కూపీ లాగడం మొదలుపెట్టింది. ఫోటో స్టూడియో మూసేసి గోళ్ళు గిల్లుకుంటున్న మరిదిని వెంట తిప్పుకుంటోంది.

"కూర్చోమ్మా. ఇక్కడికి ఎవరూ రారు," అంది వదిన.

అమ్మాయి కుర్చీ అంచున కూర్చుంది. "రేపు నాలుగింటికి కాలేజీలో కమిటీ కూర్చుంటుందండి. నేను ఫైనలియర్ ప్రాజెక్టు కాపీ కొట్టానని తేలుస్తారు. అప్పుడు నాకు ఈ ఏడాది పోయినట్టే. ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ కూడా వద్దంటుంది."

"కొట్టావా?"

"లేదండి."

తడుముకోకుండా చెప్పింది. వదిన తల ఊపి, మిగతాది చెప్పమంది.

అమ్మాయి చేసింది ఒక వెబ్‌సైట్. వాళ్ళక్క ఒక పళ్ళ ఆసుపత్రిలో రిసెప్షనిస్టు. రోగులు ఫోన్లోంచే కుర్చీ, సమయం ఎంచుకుని అపాయింట్‌మెంట్ పెట్టుకునేలా అమ్మాయి దాన్ని తయారుచేసింది. ఆసుపత్రిలో ఇప్పటికే వాడుతున్నారు కూడా. సొంత లాప్‌టాప్ లేదు కాబట్టి అంతా కాలేజీ ల్యాబులోనే చేసింది. బుధవారం ఉదయం ల్యాబు సర్వర్లోకి ఎక్కించింది. మధ్యాహ్నానికి ప్రాజెక్టు గైడు పిలిచి, సరిగ్గా అలాంటిదే ఇంకొకటి సోమవారమే వచ్చి ఉందన్నాడు. అది క్లాసులో అందరూ హీరో అని పిలిచే అబ్బాయిది. ముందు వచ్చింది అసలు, వెనక వచ్చింది నకలు. కమిటీకి అంతకంటే ఆలోచించే ఓపిక లేదు.

"అతని సైటు నువ్వు చూశావా?"

"చూపించలేదండి."

"నీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"పక్క సీటు అమ్మాయికి తెలుసు. మూడేళ్ళ స్నేహం అండి. నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు."

లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "మా అక్కకి మాత్రం తెలియకూడదండి. అమ్మానాన్నా లేరు. తన చదువు మధ్యలో ఆపి నన్ను చదివించింది. నన్ను దొంగ అన్నారని వింటే తట్టుకోలేదు."

"చూద్దాం," అంది వదిన.

మధ్యాహ్నం ఇద్దరూ కాలేజీ ల్యాబుకి వెళ్ళారు. పొడుగాటి గది, వరసగా నలభై కంప్యూటర్లు, చెప్పులు బయటే విడవాలని గోడ మీద కాగితం. ల్యాబు ఇన్‌ఛార్జి మర్యాదగా కుర్చీలు వేశాడు. అతని బల్ల మీద ఆకుపచ్చ చారల పసుపు గుడ్డతో కుట్టిన భోజనం సంచి ఉంది.

"ప్రాజెక్టు ఎక్కించిన తేదీ తప్పు పడే వీలుందా?" అని అడిగింది వదిన.

ఇన్‌ఛార్జి నవ్వాడు. "ఇక్కడ పిల్లలు ఏమీ మార్చలేరండి. తెర మీద బొమ్మ మార్చాలన్నా, గడియారం సరిచేయాలన్నా నా పాస్‌వర్డ్ కావాలి. ఆ అమ్మాయిని చూస్తే నాకూ జాలే. కానీ మెషిన్ అబద్ధం చెప్పదు కదండీ."

"ఆ అబ్బాయి ఎలాంటివాడు?"

"ఏమోనండి. రెండొందల మంది పిల్లలు. అందరూ ఎక్కడ గుర్తుంటారు?"

పక్క సీటు అమ్మాయి చివరి వరసలో ఉంది. వదిన ఎదురుగా కూర్చోగానే ముఖం పాలిపోయింది. "నేనేం తీయలేదండి. పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన..." అని మధ్యలోనే ఆపేసి సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. మరిది తన పుస్తకంలో ఆమె గురించి రాసి కింద రెండు గీతలు గీశాడు. దొంగ దొరికినట్టే అనుకున్నాడు.

హీరో మాత్రం దర్జాగా తన సైటు తెరిచి చూపించాడు. పళ్ళ ఆసుపత్రి కాదు, క్షౌరశాల. రంగులు వేరు, బొమ్మలు వేరు. పని చేసే తీరు మాత్రం అదే: కుర్చీ ఎంచుకో, సమయం ఎంచుకో, పేరు రాయి.

"మా మరిదికి జుట్టు కత్తిరించాలి బాబూ. ఒకటో కుర్చీ," అంది వదిన. దొరికింది. రెండో కుర్చీ కూడా దొరికింది. మూడో కుర్చీ నొక్కితే బూడిద రంగులోకి మారి ఊరుకుంది. ఏ రోజు అడిగినా అంతే.

"ఇది రాదేం?"

హీరో తెల్లమొహం వేశాడు. "అది... అలాగే పెట్టానండి." నీళ్ళసీసా తీసి గడగడా తాగాడు. సీసాకి ఆకుపచ్చ చారల పసుపు గుడ్డ తొడుగు ఉంది. వదిన దాని వంక చూసి, బాగుంది ఎవరు కుట్టారని అడిగింది. "మా అక్క," అన్నాడు హీరో.

బయటికి రాగానే మరిది ఉండబట్టలేకపోయాడు. "వదినా, ఆ పక్క సీటు పిల్లే. పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటుంది. భయం చూశావా?"

"చూశాను. నీకు పన్ను నొప్పి ఎప్పటి నుంచి?"

"నాకు పన్ను నొప్పేంటి?"

"దారిలో వస్తుందిలే," అని వదిన ఆటో పిలిచింది.

అరగంటలో మరిది పళ్ళ ఆసుపత్రిలో నోరు తెరుచుకుని ఉన్నాడు. డాక్టరు నిజంగానే ఒక పుచ్చు పన్ను కనిపెట్టి సంతోషించాడు. వదిన కౌంటరు దగ్గర రిసెప్షనిస్టుతో లోకాభిరామాయణం మొదలుపెట్టింది. ఆ మూడో కుర్చీ ఖాళీగా ఉందే, అక్కడ కూర్చోబెట్టకూడదా అంది.

"దాని నడుం విరిగిందండీ," అంది రిసెప్షనిస్టు నవ్వుతూ. "మంగళవారం మూడింటికి ఓ భారీ మనిషి కూర్చున్నాడు. మెకానిక్ వచ్చి చీటీ రాసి వెళ్ళాడు, సామాను రావాలట. వెంటనే మా చెల్లికి ఫోన్ చేస్తే సైటులో ఆపేసింది. మా చెల్లి కంప్యూటర్ చదువుతోంది, చాలా బాగా చదువుతుంది లెండి."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఉన్న గర్వం లోపల నోరు తెరుచుకున్న మరిదికి కూడా వినిపించింది. అతనికి మనసంతా పాడైపోయింది.

శుక్రవారం నాలుగింటికి ప్రిన్సిపాల్ గదిలో అందరూ చేరారు. గైడు కాగితాలు ముందు పెట్టుకున్నాడు. ఇన్‌ఛార్జి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. హీరో, పక్క సీటు అమ్మాయి, మధ్యలో తల వంచుకుని మన అమ్మాయి.

"పది నిమిషాలు ఇప్పిస్తే చాలు," అంది వదిన ప్రిన్సిపాల్‌తో. తర్వాత హీరో వైపు తిరిగింది. "బాబూ, నీ సైటులో మూడో కుర్చీ ఎందుకు దొరకదు?"

హీరో ఈసారి సిద్ధపడి వచ్చాడు. "అది యజమాని కుర్చీ అండి. ఆయన కోసం ఉంచాను."

"నిన్న అలాగే పెట్టానన్నావు. సరే. అమ్మా, నీ దాంట్లో మూడో కుర్చీ?"

అమ్మాయి అయోమయంగా చూసింది. "మంగళవారం విరిగిందని అక్క ఫోన్ చేస్తే ఆపానండి. అతని దాంట్లో కూడా ఆగి ఉందా?"

"ఉంది. మంగళవారం మూడింటికి విరిగిన కుర్చీ సంగతి సోమవారం ఎక్కించిన సైటుకి ఎలా తెలిసింది?"

గైడు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"విరిగినట్టు రుజువేంటి?" అన్నాడు ఇన్‌ఛార్జి.

వదిన మరిదికి సైగ చేసింది. మరిది తలుపు తీశాడు. రిసెప్షనిస్టు లోపలికి వచ్చి, తేదీ, వేళ రాసి ఉన్న మెకానిక్ చీటీ బల్ల మీద పెట్టింది. అక్కను చూసి అమ్మాయి నిలువునా కుంగిపోయింది. తెలియకూడదని బతిమాలింది కదా అని మరిది ముందు రోజు గొడవపెట్టాడు. చూద్దామన్నానే గానీ మాటివ్వలేదు, ఇంకో సాక్ష్యం ఉంటే పిలిచేదాన్ని కాదు అంది వదిన.

"పాస్‌వర్డ్ తెలిసిన స్నేహితురాలి మీద అనుమానం రావడం సహజం," అని వదిన అందుకుంది. "తన మీదికే వస్తుందని ఆ పిల్ల హడలిపోయి ముఖం చాటేసింది. కానీ పాస్‌వర్డుతో ఫైలు తీయగలరు గానీ తేదీ మార్చలేరు. మంగళవారం సాయంత్రం ల్యాబు ఖాళీ అయ్యాక ఎవరో ఈ అమ్మాయి ఫైలు తీసి, పళ్ళ ఆసుపత్రిని క్షౌరశాల చేసి, గడియారాన్ని సోమవారానికి తిప్పి ఎక్కించి, మళ్ళీ సరిచేశారు. ఎవరైనా పోల్చి చూసినా ముందు వచ్చింది గెలుస్తుందని ధీమా. బొమ్మలన్నీ మార్చారు. కుర్చీ ఎందుకు ఆగిందో అర్థం కాలేదు, వదిలేశారు. గడియారం తిప్పగలిగేవారు ఒక్కరే. ఆయనే నాకు చెప్పారు."

ఇన్‌ఛార్జి చేతులు కట్టుకున్నాడు. "నా పాస్‌వర్డ్ ఎవరో కొట్టేసి ఉంటారు. ఈ అబ్బాయి కోసం నేనెందుకు చేస్తాను? వీడెవడో నాకు తెలియదు."

"మీ ఇంట్లో చారల పసుపు గుడ్డ చాలా మిగిలినట్టుంది. మీ భోజనం సంచికీ, ఈ అబ్బాయి సీసాకీ ఒకే గుడ్డ, ఒకే కుట్టు. సీసాకి వాళ్ళక్క కుట్టిందట. మరి మీ సంచి?"

ఇన్‌ఛార్జి నోరు తెరిచేలోగా హీరో లేచాడు. "ఇక చాలు బావా." "నాకు సగం కూడా పూర్తి కాలేదు సార్. ఇంట్లో అక్క ఏడుస్తుంటే బావ నేను చూసుకుంటానన్నాడు. ఆ ప్రాజెక్టు ఎవరిదో నాకు బుధవారం దాకా తెలియదు. తెలిశాక నోరు విప్పలేదు. అది నా తప్పే."

ప్రిన్సిపాల్ ఇన్‌ఛార్జిని ల్యాబు తాళాలు బల్ల మీద పెట్టమన్నాడు. గైడు తన ముందున్న కాగితం మీద అమ్మాయి పేరు కొట్టేసి, లేచి వచ్చి ఆమెకు క్షమాపణ చెప్పాడు. పక్క సీటు అమ్మాయి అందరికంటే ముందే ఏడుస్తోంది.

వరండాలోకి వచ్చాక అమ్మాయి తలెత్తలేదు. "అక్కా, వాళ్ళు దొంగ అన్నారని నీకు చెప్పడానికి..."

"వాళ్ళు అన్నది నేను పట్టించుకోను," అంది అక్క. కోపంతో ఆమె పెదవులు అదురుతున్నాయి. "ఇన్నేళ్ళలో నిన్ను ఒక్కరోజు అనుమానించానా? మరి నువ్వు నన్నెందుకు అనుమానించావే?"

వదిన మరిది మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిపించింది. మరిది మాత్రం ఒక్కసారి వెనక్కి చూశాడు. అక్క ఇంకా తిడుతూనే ఉంది, తిడుతూనే చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది.