దూకమన్న గొంతు

హ్యాంగర్‌లో ఆ యుద్ధ విమానం తోక సగం కాలి నల్లబడింది. కుడి ఇంజన్ తొడుగు చిల్లులు పడి ఉంది. ఇందులోంచి ఇద్దరు మనుషులు నడుచుకుంటూ బయటికొచ్చారంటే నమ్మబుద్ధి కాదు.

మేజర్ రాగ్న్‌హిల్ త్వైటెన్ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. వైమానిక దళంలో ప్రమాదాల దర్యాప్తు ఆమె పని. నార్వే ఉత్తర తీరంలోని ఈ స్థావరంలో పొద్దున్నుంచీ ఆమెను కాఫీ తాగుతారా అని అడిగినవాళ్ళు లేరు.

పైలట్ ఎస్కిల్ బ్రూడెవోల్ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

"మా అన్నని ఇంటికి పంపింది మీ రిపోర్టే. ఇప్పుడు నా వంతా?"

"మీ అన్న తప్పు చేశాడు, రాశాను. మీరు చేశారా?"

"లేదు."

"మరి ఎజెక్ట్ అవమని, దూకెయ్యమని టవర్ చెబితే ఎందుకు వినలేదు?"

"వద్దన్నది నేను," అంది ఆ రోజు అతని వెనక సీటులో ఎగిరిన లెఫ్టినెంట్ సున్నివా హౌగ్లి. "కింద ఫిబ్రవరి సముద్రం, పడితే ఆ చలికి ఎక్కువసేపు బతకం. ఎడమ ఇంజన్ బాగానే ఉంది. ఎందుకు దూకాలి?"

టెక్నికల్ చీఫ్ హల్వోర్ స్టెనర్సన్ వెటకారంగా నవ్వాడు.

"హీరోలండీ! మంటని ఊరి మీదుగా మోసుకొచ్చారు. ఇంజన్‌ని అడ్డదిడ్డంగా లాగింది ఇతనే. నా మనుషుల పనిలో వంక పెట్టడానికి లేదు."

"ఆ రోజు మీరు టవర్‌లో ఉన్నారు కదా, మంట మీకు ఎప్పుడు కనిపించింది?"

"రన్‌వే మీద దిగాకే. అప్పటిదాకా మబ్బులు నేలని ఒరుసుకుంటున్నాయి."

"విమానం లోపల ఏం జరుగుతోందో టవర్‌లో తెలిసే పరికరం ఏమైనా ఉందా?"

"లేదు. వీళ్ళు చెబితేనే తెలుస్తుంది."

రాగ్న్‌హిల్ తలూపింది.

మధ్యాహ్నం ముగ్గుర్నీ బ్రీఫింగ్ గదిలో కూర్చోబెట్టి రేడియో టేపు పెట్టింది. అందరూ అప్పటికే విన్న టేపే.

ఎస్కిల్ గొంతు: "ఇంజన్ ఫైర్! లైటు వెలిగింది!"

వెంటనే హల్వోర్ గొంతు: "కుడి ఇంజన్‌కి ఫ్యూయల్ ఆపెయ్! ఎజెక్ట్! ఇద్దరూ దూకేయండి!"

ఆమె టేపు ఆపింది.

"కెప్టెన్, ఏ ఇంజనో మీరు చెప్పారా?"

ఎస్కిల్ టేపు వైపు తిరిగాడు. "లేదు. చెప్పేలోపే..."

"కుడి అన్న మాట నిజమైంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మబ్బుల్లో మంట కనపడలేదు. చూపించే పరికరం లేదు. కుడి ఇంజన్ అని మీకెలా తెలిసింది, హల్వోర్?"

"ఊహించాను."

"రెండిట్లో ఒకటి కదా, సరిగ్గా తగిలిందంటారు. కుడి ఫ్యూయల్ గొట్టం నట్టు వదులైంది. మంట వల్ల కాదు, అంతకుముందే. ఆ రోజు పొద్దున మీరేం చూశారు?"

హల్వోర్ మెడ ఎర్రబడింది.

"గొట్టం దగ్గర కాస్త ఫ్యూయల్ చెమ్మ. అంతే! విన్యాసాలకి నాలుగు విమానాలు లేవాల్సిందేనని పైనుంచి ప్రాణాలు తోడేశారు. ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నా."

సున్నివా లేచి నిలబడింది.

"మేం దూకితే విమానం సముద్రంలో పోయేది. దాంతోపాటే మీ చెమ్మ కూడా."

"మిమ్మల్ని బతికించుకోవాలనే దూకమన్నా!"

"బతికించడానికే అయితే ఇది కూడా వినండి," అంది రాగ్న్‌హిల్. "టవర్ గదిలో మాటలు వేరే ట్రాక్ మీద రికార్డవుతాయి. దాన్ని ఎవరూ తియ్యలేదు."

మీట నొక్కింది. డ్యూటీ ఆపరేటర్ గొంతు కంగారుగా ఉంది: "సార్, రెస్క్యూ హెలికాప్టర్‌ని లేపమంటారా?"

హల్వోర్ గొంతు తాపీగా ఉంది: "ఆగు. ముందు దూకనీ."

ఎస్కిల్ కుర్చీ వెనక్కి పడింది. సున్నివా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళు మాత్రం హల్వోర్ మీద నుంచి తిప్పలేదు.

"నన్ను చూడరా," అంది.

అతను చూడలేదు.

టేపు తిరుగుతూనే ఉంది. టవర్ స్పీకర్‌లోంచి సున్నివా గొంతే, వణక్కుండా, ఎత్తు అడుగుల్లో చదువుతోంది. ఆరువందలు. నాలుగువందలు. రెండువందలు. ఆ తర్వాత చక్రాలు నేలని తాకిన చప్పుడు.