బెగిమై చేసిన మార్పులు

జనవరిలో బిష్కెక్‌లో మధ్యాహ్నం మూడింటికే వెలుతురు పలచబడుతుంది. బొగ్గు పొగ కిటికీల దాకా దిగి కూర్చుంటుంది. ఆ రోజు వంటింటి బల్ల దగ్గర టీ తాగుతూ, నవలలో మిగిలిన ఒక్క అచ్చుతప్పు దిద్దుతున్నాను. మర్నాడు పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాలి.

ఆ నవల నేనూ నా స్నేహితురాలు బెగిమై కలిసి మూడేళ్ళు రాశాం. తను సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేది. అక్కడ వాడే వెర్షన్ కంట్రోల్‌ని మా రాతకి తెచ్చింది. మనం సేవ్ చేసిన ప్రతిసారీ ఏం మారింది, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నీ అందులో ఒక జాబితాగా ఉండిపోతాయి. నేను విసుక్కుంటే నవ్వేది.

"కొట్టేసిన వాక్యం ఎక్కడికీ పోదు మీరిమ్. అడుగున పడి ఉంటుంది," అనేది.

సెప్టెంబరులో బెగిమై ఆసుపత్రిలో పోయింది. తన పేరున నలభయ్యో రోజు పెట్టే భోజనాలయ్యాక ఇంటికొచ్చి, జాబితాలో తన పేరున్న ప్రతిచోటా ఒక్క కమాండుతో నా పేరు పెట్టేశాను. అట్టమీద కూడా నా పేరొక్కటే. తన చెల్లెలు ఐచురెక్ అడిగితే, దాదాపు అంతా నేనే రాశానన్నాను.

ఆ అచ్చుతప్పు దిద్ది సేవ్ చేశాను. జాబితాలో నా మార్పు పైన ఇంకొకటి కనిపించింది.

పేరు, బెగిమై. సమయం, ఇప్పుడే. కారణం రాసే చోట... "ఊపిరాడ్డం లేదు."

ఐచురెక్ పనే అనుకుని ఫోన్ చేశాను. తను నారిన్ ఊరికి వెళ్ళే వ్యానులో ఉన్నానంది. అక్క కంప్యూటర్‌ని ఆఫీసువాళ్ళు ఎప్పుడో పట్టుకెళ్ళారంది. గొంతులో వెటకారం లేదు.

ఇంటర్నెట్ వైరు పీకేశాను.

ఇంకొకటి వచ్చింది. "నర్సుని పిలిచే గంట నొక్కమన్నాను."

గదిలో వాసన మారింది. స్పిరిట్... తడిసిన దూది... ఆ వార్డు వాసన.

"నాకు చెయ్యి అందడం లేదు, నిన్ను నొక్కమన్నాను."

ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే.

"నువ్వు నొక్కలేదు."

"కుర్చీలో కూర్చుని చూశావు."

నా వెనక ఎవరో ఊపిరి లాగుతున్నారు. సన్నగా... ఆగి ఆగి...

"నీ పేరు పెట్టేస్తాను బెగిమై," అని గొణిగాను. "నీ పేరే ముందు..."

ఊపిరి చప్పుడు ఆగింది. జాబితా కూడా ఆగింది. వైరు మళ్ళీ తగిలించాను. అట్టమీద తన పేరు ముందు, నా పేరు తర్వాత పెట్టి పబ్లిషర్ కుబాన్ గారికి పంపాను.

కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు. పుస్తకం అందిందన్నాడు. రెండు పేర్లుండటమే న్యాయమన్నాడు. తర్వాత కొంచెం తటపటాయించి, "చివర్లో కొత్త పేజీ కలిపావేంటమ్మా?" అన్నాడు.

నేనేమీ కలపలేదన్నాను.

"ఆసుపత్రి గది, గంట, కుర్చీ... చదువుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. కానీ ఆఖరి వాక్యం సగంలో వదిలేశావు."

"చదవండి," అన్నాను.

"'మీరిమ్ ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగింది. అక్కడ...' అంతే. అక్కడ ఏముందమ్మా?"

ఆయన ఫోన్ పెట్టేసి చాలాసేపయింది. నేనింకా నా ఫోన్ చెవికి అదుముకునే కూర్చున్నాను.