గట్టు పక్క కంకులు

"రెండు గీతలొచ్చాయండీ. మీ మొక్కజొన్నలో జన్యుమార్పిడి గింజలున్నాయి," అంది ల్యాబ్ అమ్మాయి, టెస్ట్ పట్టీని వెలుతురుకి పెట్టి చూస్తూ.

కంకుల సంచి తెచ్చిన రైతు కుర్రాడు బల్లకి ఇవతల నుంచి పట్టీ మీదకి వంగి చూశాడు. కల్తీలేని నాటు విత్తనమని చెప్పి, పంటంతా విత్తనాలవాళ్ళకి ఇస్తానని మాటిచ్చాడు నాన్న. రిపోర్ట్ తేడా వస్తే మూడేళ్ళ కష్టం కోళ్ళ దాణాకి పోవాల్సిందే.

"మళ్ళీ ఒకసారి చూడండి."

"మూడుసార్లు చూశాను. మీరు నాటువి అంటారు, గింజలు కాదంటున్నాయి. ఎవర్ని నమ్మమంటారు?"

"నన్ను నమ్మండి."

"మిమ్మల్ని టెస్ట్ చేసే పట్టీ మా దగ్గర లేదు."

ఈ సీజన్‌లో అతను రెండుసార్లు పని మీద, ఆరుసార్లు పని కల్పించుకుని ఇక్కడికొచ్చాడు. ల్యాబ్‌లో అందరికీ 'కంకులబ్బాయి' అయిపోయాడు. ఈరోజు మాత్రం ఆ అమ్మాయి మొహంలోకి చూడ్డానికే మొహమాటంగా ఉంది.

అతని సంచిలో మిగిలిన కంకులు ఆమె బల్ల మీద పోసింది. అన్నీ ఒకే పొడవు, ఒక్కదానికీ పురుగు మచ్చ లేదు.

"ఇవి చేనంతా తిరిగి కోసినవేనా?"

"గట్టు పక్క వరసల్లోవి. అక్కడే బాగా కాశాయి."

"మంచీ చెడ్డా చూడకుండా కొయ్యమని చెప్పానా లేదా?"

"పురుగు కంకులు తెచ్చి మీ చేతిలో ఎలా పెట్టమంటారండీ?"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. గబుక్కున తల దించేసుకుంది.

"గట్టు అవతల ఎవరి చేను?"

"పక్కవాళ్ళది. కంపెనీవాళ్ళు ట్రయల్‌కి ఇచ్చిన జన్యుమార్పిడి విత్తనం వేశారు."

"ఇంకేం, గాలికి వాళ్ళ పుప్పొడంతా మీ అంచు వరసల మీద పడింది. ఆ వరసలు కోసి పక్కన పెట్టండి. మిగతా చేనంతా తిరిగి కొత్త శాంపిల్ తెండి."

మర్నాడు పొడుగూ పొట్టీ, పుచ్చూ సొట్టా కలిపి బస్తాడు కంకులు తెచ్చాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఇది నేను చెయ్యను. మా సార్ చేస్తారు," అని ఒక ఫారం రాసి, దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తను మోసగాడని తేల్చేసిందన్నమాట. అతను వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పంట గురించి భయపడాలో, ఆ అమ్మాయి గురించి బాధపడాలో తెలియలేదు.

మధ్యాహ్నానికి సార్ బయటికొచ్చి రిపోర్ట్ చేతిలో పెట్టారు. "ఒకటే గీత. మీ పంట శుభ్రంగా ఉంది."

నాన్నకి ఫోన్ చేసి చెప్పాడు. కానీ ఇంటికి వెళ్ళకుండా తిన్నగా ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"నా మీద నమ్మకం లేకే కదా, సార్ మీదకి తోసేశారు?"

ఆమె ఇందాక రాసిన ఫారం ముందుకి జరిపింది. 'పరీక్ష చేయకపోవడానికి కారణం' అన్నచోట ఆమె చేతిరాత: దగ్గరి బంధువు.

"సొంతవాళ్ళ శాంపిల్ మేం ముట్టుకోకూడదు. అది ఇక్కడి రూలు."

"మనం బంధువులమా?"

"కాదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి కాగితం మీద అబద్ధం రాశాను," అంది మెల్లగా. "ఎవరైనా అడిగేలోపు మీవాళ్ళని తీసుకుని మా ఇంటికి రండి."