కళ్ళం లెక్క

సుబ్బరాజు పేరు తలుచుకోకుండా చలపతికి తెల్లవారదు. పళ్ళు తోముకునేటప్పుడు ఒకసారి, కాఫీ చేతికొచ్చాక ఇంకోసారి. సుబ్బరాజు పరాయివాడు కాదు, భార్య మంగళకు స్వయానా అన్న. "వై టూ కే వస్తోంది బావా, ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి, బాగుచేసేవాళ్ళకి బంగారమే" అని నమ్మించాడు. గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి దగ్గర చలపతికున్న పొలం అమ్మించి, ఆ డబ్బు హైదరాబాద్ అమీర్‌పేటలో తన స్నేహితుడు పెట్టిన, కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పెట్టించాడు. రెండువేల సంవత్సరం వచ్చింది. ఒక్క కంప్యూటరూ ఆగలేదు. ఇన్‌స్టిట్యూట్ ఆగింది. ఫిబ్రవరిలో షట్టర్ దించేసి ఆ స్నేహితుడు మాయమయ్యాడు.

ఆ రోజు నుంచి, ఆస్ట్రేలియాలో ఇదే మెల్‌బోర్న్‌లో పది కిలోమీటర్ల దూరంలో ఉన్న సుబ్బరాజుతో చలపతికి మాటల్లేవు. "వాడు ఈ గడప తొక్కితే నేనీ ఇంట్లో ఉండను" అని భార్యకి తేల్చి చెప్పాడు. మంగళ కళ్ళొత్తుకుని ఊరుకుంది. ఊరుకుందనే చలపతి అనుకున్నాడు.

ఆగస్టులో ఒక శనివారం. క్లేటన్‌లో వాళ్ళ ఇంటి కిటికీ అద్దాలు శీతకాలపు చలికి చెమ్మగిల్లి ఉన్నాయి. పనిచేసే గోడౌన్‌కి సెలవు కాబట్టి చలపతి ఆలస్యంగా లేచాడు. వంటింట్లో ఇంగువ పోపు ఘుమఘుమలాడుతోంది. మంగళ పెద్ద బేసిన్‌లో పులిహోర కలుపుతోంది.

"ఎవరికే అంత?"

"గుడికండీ. శనివారం కదా."

"పోయిన శనివారం ఇందులో సగమే. దేవుడికి ఆకలి పెరిగిందా?"

"అయ్యో రామ! దేవుడి మీద కూడా అనుమానమేనా మీకు?" మంగళ నవ్వబోయి ఆపుకుంది. ఆ ఆపుకోవడం చలపతికి నచ్చలేదు.

అనన్య సంచీ భుజాన వేసుకుని గదిలోంచి వచ్చింది. ఇరవయ్యేళ్ళ పిల్ల, తండ్రి కంటే రెండంగుళాలు ఎత్తు. యూనివర్సిటీలో, ఇక్కడివాళ్ళ మాటలో యూనిలో, అకౌంట్స్ చదువుతోంది, యూని టీమ్‌లో బాస్కెట్‌బాల్ ఆడుతోంది. నిక్కరేసుకుని జనంలో గెంతడం చూడలేనని చలపతి ఇంతవరకు ఒక్క ఆటకీ వెళ్ళలేదు.

"ఆ బూట్లు కొత్తవిలా ఉన్నాయే?"

"టీమ్ వాళ్ళిచ్చారు, డాడ్." జవాబు చెప్పేముందు ఆ పిల్ల తల్లి వైపు చూసింది. ఒక్క క్షణమే. ఆ క్షణం చాలు చలపతికి.

"ఇవాళ... ఇఫ్ యు ఆర్ ఫ్రీ..." అని ఏదో అనబోయి, "నెవర్ మైండ్, లేటవుతోంది" అంటూ తలుపేసుకుని వెళ్ళిపోయింది.

చలపతి ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాడు. తను ఎత్తగానే తెగిపోయే ఫోన్లు. తెల్లవారుజామున ప్రాక్టీసుకి వెళ్ళే పిల్ల బస్సు కోసం పరుగెత్తడం మానేసి నాలుగు నెలలైంది. పోయిన వారం వీధి చివర పసుపుపచ్చ టాక్సీ దిగుతూ కనిపించింది కూడా. అడిగితే, ఫ్రెండ్ వాళ్ళ డాడ్‌ది అంది.

వెనకగదిలో అద్దెకుండే శేషగిరి కాఫీకి వచ్చాడు. వై టూ కే కాంట్రాక్టు మీద వచ్చి, అది అయిపోయాక ఇంకో ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడు.

"అంకుల్, వస్తున్నారా మ్యాచ్‌కి? ఇవాళే తేలిపోతుంది."

"ఏం తేలుతుంది?"

"అదేంటంకుల్, మీకు తెలీదా? దూరంగా ఒక గీత ఉంటుంది. దాని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు. సీజన్ మొత్తంలో అలాంటివి ఎనభై నాలుగు వేయడం లీగ్‌లో రికార్డు. మన అనన్యవి డెబ్బై ఎనిమిది. ఇవాళ చివరి ఆట. ఆరేస్తే సమానం, ఇంకొక్కటేస్తే రికార్డు. కాకపోతే ఒకే ఆటలో ఆరు దాటి ఎప్పుడూ వేయలేదు. మా ఫ్యాన్స్ గ్రూప్ అంతా టెన్షన్‌లో ఉంది."

"గ్రూపా? ఆడపిల్ల వెనక గ్రూపేంటి?"

"ముప్పైమందిమి ఉన్నాం. ఇంటర్నెట్‌లో పేజీ కూడా ఉంది. మనవాళ్ళే కాదు, స్వెట్టర్లు అల్లుకునే తెల్ల ముసలమ్మలు కూడా వస్తారు. టాక్సీలో ఒక పెద్దాయన..."

మంగళ చేతిలో గరిటె ఠంగుమంది. "శేషగిరీ, కాఫీ చల్లారిపోతోంది బాబూ" అంది.

శేషగిరి నోరు మూసుకున్నాడు. చలపతి మాత్రం మనసు మూసుకోలేకపోయాడు. పసుపుపచ్చ టాక్సీ. టాక్సీలో పెద్దాయన.

మధ్యాహ్నం ఒంటిగంటకి మంగళ పులిహోర డబ్బా పట్టుకుని బయల్దేరింది. కారులో దింపుతానంటే, "గుళ్ళో కలిసే లలితకుమారిగారు తీసుకెళ్తామన్నారండీ" అంది. వీధి చివర పసుపుపచ్చ టాక్సీ ఎక్కింది. చలపతి తన పాత కారులో వెంబడించాడు. గుడికి తిరిగే మలుపు దాటిపోయింది. టాక్సీ తిన్నగా యూనిలోకి వెళ్ళి, వ్యాయామశాల ముందు ఆగింది.

చలపతి కారు దూరంగా ఆపాడు. తర్వాత లోపలికి వెళ్ళి చిట్టచివరి వరసలో, స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆట మొదలైపోయింది. అనన్యకి బంతి అందింది. గీత అవతల నుంచి చెయ్యెత్తి వదిలింది. బంతి వలలోంచి జారింది.

"లాభం!" అని ముప్పై గొంతులు ఒక్కసారిగా అరిచాయి.

చలపతి ఒళ్ళు ఝల్లుమంది. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఎనిమిదో తరగతిలో చదువాపేసి, తండ్రి పక్కన నిలబడి చలపతి గొంతు చించుకుని పిలిచిన పిలుపు అది. తెల్ల ముసలమ్మ ఒకావిడ అల్లిక ఒళ్ళో పెట్టుకుని, "లాబమ్, లాబమ్" అంటూ చప్పట్లు కొడుతోంది. అనన్య రెండోది వేసింది. "రెండు!" రెయిలింగ్‌కి అంకె వేసిన అట్ట కట్టారు. మూడు. నాలుగు.

ఈ దేశంలో ఈ లెక్క తెలిసిన రెండో మనిషి ఒక్కడే. చలపతి కళ్ళు వరసలు వెతికాయి. మూడో వరసలో, మఫ్లర్ చుట్టుకుని, సుబ్బరాజు. పక్కన మంగళ, ఒళ్ళో పులిహోర డబ్బా.

సగం ఆట అయి బెల్లు మోగేసరికి చలపతి వాళ్ళ నెత్తిన ఉన్నాడు.

"ఇదా గుడి? ఈయనా దేవుడు?"

సుబ్బరాజు లేచాడు. "బావా, తప్పు నాది. దాన్నేమీ అనకు."

"నా పొలం తిన్నావు, అరగలేదా? ఇప్పుడు నా పిల్లనీ, నా కళ్ళాన్నీ కూడా అమ్ముకుంటున్నావా? ఆ బూట్లు నువ్వు కొన్నవే కదూ? ఎవడబ్బ సొమ్ము?"

"టాక్సీ సొమ్ము బావా. ఇక్కడున్న నా దుకాణం అమ్మేసి, టాక్సీ తోలుతున్నాను. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో నా డబ్బు కూడా మునిగింది. నువ్వు నమ్మవని చెప్పలేదు."

"నమ్మను. ఇప్పుడూ నమ్మను."

చుట్టూ కుర్రాళ్ళు పులిహోర ప్లేట్లు పట్టుకుని కొయ్యబారిపోయారు. కింద, నీళ్ళ సీసా చేతిలో పట్టుకుని, అనన్య పైకే చూస్తోంది.

అప్పుడు మంగళకి కోపం వచ్చింది. పెళ్ళయిన పాతికేళ్ళలో చలపతి చూడని కోపం.

"తెల్లారగట్ల నాలుగున్నరకి మీరు గోడౌన్‌కి పోతే, చీకట్లో ఆడపిల్లని ప్రాక్టీసుకి ఎవరు దింపాలండీ? మా అన్నయ్య దింపాడు. దొంగచాటుగా దింపాడు, మీరు కాదంటారని. ఇక ఆ లెక్క అంటారా? మా అన్నయ్యెందుకు నేర్పుతాడు? పెరట్లో అడుగు ఊడిన బకెట్ కట్టి, దానికి ఏడేళ్ళప్పుడు బంతి వేయించింది ఎవరు? పడ్డప్పుడల్లా లాభం, రెండు అని అరిచింది ఎవరు? ఇప్పటికీ అది బంతి వేస్తూ పెదాలతో అదే లెక్క అనుకుంటుంది. ఈ పిల్లలంతా దాని నోట్లోంచే నేర్చుకున్నారు. ఈ హాల్లో ఉన్న లెక్క మీదండీ. మీరొక్కరే లేరు."

చలపతి ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

రెండో సగం మొదలైంది. అనన్య వేసింది, తప్పింది. మళ్ళీ తప్పింది. మూడోసారీ రింగుకి కొట్టుకుని ఎగిరిపోయింది. "మనల్ని చూసి బెదిరిపోయింది పిల్ల" అని మంగళ కొంగు నోట్లో కుక్కుకుంది.

చలపతికి పెరడు గుర్తొచ్చింది. లెక్క వినిపించేదాకా ఆ పిల్ల తర్వాతి బంతి వేసేది కాదు. "డాడీ, సే ఇట్" అని మొండిగా నిలబడేది. ఈ ఉదయం తలుపు దగ్గర మింగేసిన మాట కూడా అదేనేమో. అతను లేచి, మెట్లు దిగి, రెయిలింగ్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. అనన్య చూసింది, బంతి అందుకుని వేసింది.

"అయిదు!" హాలంతా లేచింది. కాసేపటికి, "ఆరు!" శేషగిరి అంకె అట్ట తలకిందులుగా కట్టేశాడు.

నలభై సెకన్లు. ఇరవై. ఎడమ మూల నుంచి, ఇద్దరు అమ్మాయిలు మీద పడుతుండగా, అనన్య వదిలింది. బంతి చాలాసేపు గాల్లోనే ఉన్నట్టుంది. వల ఊగింది.

హాలు అరవబోయి ఆగిపోయింది. ఇంతదూరం లెక్క ఎప్పుడూ రాలేదు. ఎవరో కుర్రాడు "ఏ..." అని మొదలుపెట్టగానే సుబ్బరాజు చెయ్యెత్తి ఆపాడు. కొలతలో ఆ అంకెను ఆ పేరుతో పిలవరు, అశుభమని. ఏమని పిలవాలో సుబ్బరాజుకి తెలుసు. కానీ పిలవాల్సింది తను కాదు. చలపతి వైపు చూశాడు.

కళ్ళం వదిలి ముప్పై ఏళ్ళు దాటిన గొంతు లేచింది.

"ఆరున్నొక్కటీ!"

"ఆరున్నొక్కటీ!" అని ముప్పైమందీ అందుకున్నారు. ముసలమ్మలకి నోరు తిరగక ఊరికే కేకలు పెట్టారు. అనన్య రెండు చేతులతో మొహం కప్పుకుని ఆట మధ్యలోనే నిలబడిపోయింది. చలపతికి ఎదురుగా ఏమీ కనిపించలేదు, కళ్ళనిండా నీళ్ళు.

సాయంత్రం కార్లు ఆపే చోట అనన్య తండ్రి భుజాన్ని వదల్లేదు. "యు కేమ్, డాడ్" అని పదిసార్లు అంది. సుబ్బరాజు దూరంగా టాక్సీ తలుపు తీసుకుని నిలబడ్డాడు, వెళ్ళాలో ఉండాలో తెలియనివాడిలా.

"భోజనానికి రా బావా" అన్నాడు చలపతి, నేల చూస్తూ.

"గడప తొక్కొచ్చా?"

"తొక్కు. కానీ మరిచిపోయాననుకోకు. రెండెకరాల పదహారు సెంట్లు."

సుబ్బరాజు మఫ్లర్‌తో కళ్ళు తుడుచుకున్నాడు.

"పద్దెనిమిది బావా. బోదె కాలవ పక్క గట్టు మర్చిపోయావు. నేను రోజూ లెక్కేస్తాను. రెండెకరాల పద్దెనిమిది సెంట్లు."