వెనక్కి మీట లేని తాళం

"ఆడమనిషి. ఒకప్పుడు మన దగ్గరే పనిచేసింది. ఎవరో నీకు చెప్పక్కర్లేదు," అంటూ చీఫ్ ఫోటోని బల్లమీద బోర్లా పెట్టాడు.

మాస్టారు దాన్ని తిప్పి చూడలేదు. ఏళ్ళ తరబడి పొద్దున్నే కళ్ళు తెరవగానే చూసిన ముఖానికి ఫోటో ఎందుకు? ఆమె ఆయన భార్య.

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆయన కోడ్‌నేమ్ కూడా 'మాస్టారు' అనే. కోడ్ రూమ్‌కి రాకముందు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆమె ఆయన దగ్గరే రీసెర్చ్ చేసింది, ఆయన్నే పెళ్ళి చేసుకుంది, ఆయనతో పాటే డిపార్ట్‌మెంట్‌లో చేరింది. ఒకరోజు ఎవరికీ చెప్పాపెట్టకుండా సరిహద్దు దాటి విదేశీ ముఠాలో కలిసిపోయింది. ఆఫీసంతా నోటికొచ్చినట్టు అనుకుంది. మాస్టారు మాత్రం ఆమె తాగే టీ కప్పుని కడిగి అలమరలో బోర్లించారు, మళ్ళీ ముట్టుకోలేదు.

చీఫ్ బ్రీఫింగ్ కానిచ్చాడు. ఊరికి ఎగువనున్న రిజర్వాయర్ కంట్రోల్ లైన్ ముఠా చేతికి చిక్కింది. గేట్లు ఎత్తేస్తే దిగువన ఊరు మిగలదు. గేట్లకి ఆజ్ఞలిచ్చే పెట్టెకి తాళం ఆమే తయారుచేసింది. దానికి ఉన్నది ఒకటే మీట. నొక్కినప్పుడల్లా లోపలి మాట్రిక్స్‌కి, అంటే వరసల్లో పేర్చిన అంకెల గడికి, ఇంకో మాట్రిక్స్‌తో గుణకారం జరుగుతుంది. రద్దుచేసే మీట లేదు.

"సెమీగ్రూప్," అన్నారు మాస్టారు.

"తెలుగులో చెప్పవయ్యా."

"నొక్కుకుంటూ పోవడమే సార్. నొక్కినదాన్ని వెనక్కి తీసుకునే దారి కూడా ఉంటే గ్రూప్ అంటాం. ఇక్కడ అది లేదు."

"అయితే నొక్కే చెయ్యి ఉండకూడదు," అన్నాడు చీఫ్. పాత చీఫ్ గుండె ఆగి పోయాక ఈయన కొత్తగా వచ్చాడు. మాటల్లో పొదుపరి, తూటాల్లో కాదు.

ఆ మధ్యాహ్నం మాస్టారు లిఫ్ట్ మెకానిక్ వేషంలో ముఠా మకాం వేసిన ఒక పెద్ద హోటల్లోకి నడిచారు. ఒంటిమీద గ్రీజు మరకల చొక్కా, సంచిలో స్పానర్ల కింద సైలెన్సర్ బిగించిన పిస్టల్. లిఫ్ట్ ఆపరేటర్ మనవాడే. పై అంతస్తు తలుపు మూసుకోవడం లేదటగా అని మాస్టారు అడిగారు, గాలి ఎక్కువని అతను కోడ్ ప్రకారం జవాబిచ్చాడు. పైన కారిడార్‌లో ముఠా నాయకుడు 'కెప్టెన్' ఎదురొచ్చాడు. మాస్టారి స్క్రూడ్రైవర్ చివర మత్తు సూది ఉంది. కెప్టెన్ కుప్పకూలుతూ కూడా పళ్ళికిలించాడు. "ఆలస్యమైంది. మొదలెట్టేశాను."

గదిలో ఆమె ఒక్కతే ఉంది. ఎర్ర గౌను, మెడదాకా కత్తిరించిన జుట్టు, చెవులకి ముత్యాలు. ఎంత అందంగా ఉంది, పాడుది! పెట్టె స్పీకర్లోంచి గేట్ల మోటార్ల రొద వినిపిస్తోంది. స్క్రీన్ మీద రెండు వరసల్లో నాలుగు అంకెలు. మూడు కదలడం లేదు. పై వరసలో కుడి మూలనున్న అంకె మాత్రం ఆమె మీట నొక్కినకొద్దీ పెరుగుతోంది. నాలుగు. ఐదు.

ఆ మాట్రిక్స్ ఆయనకి అరచేతి గీతల్లా తెలుసు. నొక్కేకొద్దీ ఆ మూల పెరగడమే, గేట్లు ఆగే సున్నాకి మళ్ళీ రావడం కల్ల. అంటే గేట్లు ఇంకా ఇంకా పైకి లేపుతోందన్నమాట.

"చెయ్యి తియ్యి."

ఆమె తల తిప్పింది. ఆయన్ని చూడగానే ఆ ముఖం ఇంట్లో దీపం వేసినట్టు వెలిగింది. మళ్ళీ నొక్కింది. ఆరు.

"వచ్చారా మాస్టారూ. ఒక్క నిమిషం, ఇంకొక్కసారే," అంటూ మళ్ళీ చెయ్యి చాపింది.

ఆయన కాల్చారు.

ఆమె కుర్చీ పట్టుకుని మెల్లగా నేలమీదికి జారింది. మోటార్ల రొద పెరిగింది. మాస్టారు పెట్టెమీద పడి వైర్ల కోసం వెతికారు. వైర్లు గోడలోకి పోయాయి. కింద వీధిలో ఎవరో పిల్లల్ని స్కూల్నుంచి తీసుకెళ్తున్నారు, నవ్వులు వినిపిస్తున్నాయి.

"వైర్లు వద్దు. ఇంకొక్కసారి నొక్కండి," అంది ఆమె.

"నొక్కితే ఊరు మునుగుతుంది."

"ఏ అంకెల్లో ఉన్నామో అడిగారా?"

మాస్టారి చెయ్యి ఆగిపోయింది. ఏటా మొదటి క్లాసులో ఆయన చెప్పే మాట అది. మాట్రిక్స్ మీద చెయ్యి వేసేముందు అది ఏ అంకెల్లో బతుకుతోందో అడగండర్రా అని గొంతు చించుకునేవారు. ఈరోజు ఆయనే అడగలేదు. ఏడు రాగానే సున్నా అయిపోయే అంకెలవి. లెక్కల్లో దాన్నే పాజిటివ్ కారెక్టరిస్టిక్ అంటారు, వాళ్ళిద్దరూ కలిసి రీసెర్చ్ చేసింది దానిమీదే. అక్కడ ఇలాంటి మీటకి వెనక్కి మీట అక్కర్లేదు. ముందుకే నొక్కుకుంటూ పోతే బయల్దేరిన చోటికే వస్తాం. కెప్టెన్ ఒక్కసారి నొక్కి వెళ్ళాడు. అతని వెనక ఆమె ఐదుసార్లు నొక్కి దాన్ని ఇంటికి తోలుకొస్తోంది.

ఆయన నొక్కారు. ఆరు పోయి సున్నా వచ్చింది. స్పీకర్లో గేట్లు కిర్రుమంటూ లేవబోయి ఆగిన చప్పుడు. మోటార్లు మూగబోయాయి.

మాస్టారు కూలబడి ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నారు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు.

"నన్ను పంపింది పాత చీఫ్. మీక్కూడా చెప్పొద్దన్నాడు. ఆయన పోయాక నన్ను వెనక్కి పిలిచేవాళ్ళే లేకపోయారు," అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "మిమ్మల్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. మీకు చెప్పక్కర్లేదనుకున్నా మాస్టారూ. మీరు చూస్తే చాలనుకున్నా."

ఆయన ఏడ్చారు. దాచుకోలేదు. ఆమె ఆయన చొక్కామీది గ్రీజు మరకని బొటనవేలితో తుడవబోయింది, సగంలో చెయ్యి జారిపోయింది.

మర్నాడు చీఫ్ స్వయంగా లేచి కుర్చీ వేశాడు. ఒకే తూటాతో ముగించావని మెచ్చుకున్నాడు. పాత చీఫ్ సంగతి మాస్టారు చెప్పాక మాత్రం లేచి కిటికీ తలుపు వేసొచ్చాడు. చివరికి ఏదో ఒకటి అనాలన్నట్టు పెట్టె గురించి అడిగాడు.

"గమ్మత్తైన తాళమే. ముందుకు నొక్కితే వెనక్కి వస్తుందా? ఏ మీటకైనా అంతేనా?"

మాస్టారు జేబులోంచి పిస్టల్ తీసి బల్లమీద, ఇంకా బోర్లానే ఉన్న ఫోటో పక్కన పెట్టారు.

"దీనికి తప్ప సార్."