ముత్తవ్వ ఒప్పుకోని ఫోటో

అమ్మలారా, అయ్యలారా, కాస్త దగ్గరికి జరగండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. ఆ నీలకంఠేశ్వరుణ్ని ఒక్కసారి తలుచుకుని మొదలుపెడతాను. మీరూ తలుచుకోండి, పోయేదేం లేదు. దెయ్యం కథ అనగానే అమావాస్య, అర్ధరాత్రి అని కాచుక్కూర్చున్నారేమో. ఇందులోనూ చీకటి ఉంది. కానీ అది పట్టపగలు ఒక మనిషి తన చేత్తో తాను తయారుచేసుకున్న చీకటి.

పంతొమ్మిది వందల అరవై ఏడు, శ్రావణమాసం. బోధన్‌లో హన్మాండ్లుకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో నెమలి బొమ్మ రాసిన పరదా, ఒక కుర్చీ, గిరాకీలు కూర్చునే బెంచీ. వెనక, వాకిట్లోకి తలుపున్న, ఫోటోలు కడిగే డార్క్‌రూము. నాలుగంగలు వేస్తే అయిపోయే గది. కిటికీ లేదు. తలుపు సందుల్లో నల్లగుడ్డ కుక్కి, లోపలి నుంచి గడియ పెట్టుకుంటే సూది మొనంత వెలుతురు కూడా రాదు.

ఏ కెమెరా కొనాలో తెలియని వాళ్లంతా ముందు హన్మాండ్లు దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ రోజు పొద్దున ముసురులో తడుస్తూ చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా ఆత్మారాం వచ్చాడు.

"అన్నా, పిల్లల ఫోటోలు తీస్కుందామనుకుంటున్న. ఏది కొనాలె?"

"ఇంటి ముంగట ఎండల తీస్తందుకేనా? డబ్బా కెమెరా బస్. పొద్దు నీ ఈపు దిక్కుండాలె. ఊపిరి బిగవట్టి నొక్కాలె. గంతే."

"మరి నీ మెడల ఏలాడుతున్నది? గా రెండు కండ్లది?"

"గిది నీడల సూశే కన్ను. నీకెందుకు? నీ పిల్లలు వడ్ల గుమ్మి చీకట్ల కూసుంటరా?"

ఆత్మారాం పకపకా నవ్వాడు. హన్మాండ్లు మాత్రం మెడలో కెమెరాను పసిబిడ్డను నిమిరినట్టు నిమిరాడు. నిజామాబాద్‌లో పాతదే కొన్నాడు, కానీ ఊరికే కొనలేదు. లెన్సును వెలుతురుకు పట్టి బూజు ఉందా, గీత ఉందా అని చూశాడు. షట్టరును చెవి దగ్గర పెట్టుకుని, పెళ్లిచూపుల్లో పిల్ల గొంతు విన్నట్టు విన్నాడు. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. పైకన్ను చూస్తుంది, కిందికన్ను బొమ్మను పడుతుంది. పైనుంచి వంగి అద్దంలోకి చూస్తే ఎదుటి మనిషి కనిపిస్తాడు, కుడి ఎడమలు మారి. వేసవంతా ఎండలో పెళ్లిళ్లే. మసక చీకట్లో ఆ లెన్సు సత్తా ఎంతో చూడాలని అతని చేతులు దురద పెడుతున్నాయి.

అప్పుడే ఎడపల్లి నుంచి సైకిల్ మీద మనిషొచ్చాడు. చెరుకు రైతు రాజేశ్వర్ పటేల్ వాళ్ల అమ్మ ముత్తవ్వ తెల్లవారుజామున పోయింది. ఆమె ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. వెంటనే రమ్మన్నారు.

మీకు తెలుసు కదా, మన దిక్కున ఇలాంటి ఆనవాయితీ ఒకటుండేది. బతికుండగా ఫోటో దిగని పెద్దవాళ్లను పోయినాక కుర్చీలో కూర్చోబెట్టి తీసేవాళ్లు. హన్మాండ్లు అలాంటివి ఇరవై దాకా తీసుంటాడు. "కదలని గిరాకి గదొక్కటే" అని నవ్వేవాడు కూడా. పాపం, నోటి తీట.

ఎడపల్లిలో వాన ఆగలేదు. శవం హాల్లోనే ఉంది. ఇంటి చుట్టూ చెరుకు నిలువెత్తు పెరిగి, హాల్లో పగలే దీపం పెట్టుకోవాల్సినంత మసక. ముత్తవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకు తువ్వాల కట్టి, దాని మీద కొంగు కప్పారు. తల ఎడమ భుజం మీదికి వాలింది. మొఖానికి పసుపు.

రాజేశ్వర్ భార్య తారాబాయి అడ్డం వచ్చింది. "అత్త బతికినన్ని దినాలు ఒద్దన్నది అన్నా. జాతరల ఫోటోలాయన గిట్ల కెమెరా ఎత్తంగనే కొంగు మొఖం మీద గుంజుకున్నది. పోయినంక తీసుడు మంచిగుంటదా?"

రాజేశ్వర్ నీళ్లు నమిలాడు. "నిజమే. ఒక్కసారి గూడ ఒప్పుకోలే. కానీ అన్నా... ఏడాది పోతే అవ్వ మొఖం నా యాదిల ఉంటదా? మా బాపు మొఖం నాకిప్పుడు యాదికి లేదు. గిదొక్కటి నాకు గావాలె."

అక్కడ ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు. హన్మాండ్లు ఆ మసక హాలును చూశాడు. తన లెన్సును చూసుకున్నాడు.

"పోయినంక ఆమెకేం దెలుస్తది పటేలా? కండ్లు మూస్కున్నయని ఫికరు వెట్టుకోకు. సన్న కుంచెతోటి నేను దెరుస్త."

తారాబాయి అడ్డం తప్పుకుంది. కొడుకు, కోడలు కుర్చీకి చెరోపక్క నిలబడ్డారు. హన్మాండ్లు స్టాండు వేసి, షట్టరు రెండు లెక్కలంతసేపు తెరిచి ఉంచేలా పెట్టాడు. అంతసేపు ఎవరు కదిలినా ఫోటోలో మంచులా చెదిరిపోతారు. రాజేశ్వర్ వెక్కుతుంటే మందలించాడు కూడా.

"నువ్వే కదులుతున్నవు పటేలా. అవ్వను సూడు, ఎంత నిమ్మలంగ కూసున్నదో!"

నాలుగు తీశాడు. నాలుగోది తీస్తూ అద్దంలోకి వంగినప్పుడు, ముత్తవ్వ తల నిటారుగా ఉన్నట్టు అనిపించింది. తలెత్తి నేరుగా చూశాడు. భుజం మీదికే వాలి ఉంది. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, దాంతో తికమకపడ్డానని సర్దిచెప్పుకున్నాడు. ఫిల్ములో ఇంకా ఎనిమిది మిగిలాయి. మిగిలినవి పోతే పోనీ, ఈ పూటే కడిగేద్దామని బయల్దేరాడు. అతను సైకిలెక్కే సరికి వాన తెరిపిచ్చింది. వెనక డప్పు మొదలైంది.

బోధన్ చేరేసరికి మూడు దాటింది. భార్య శ్యామలమ్మ వాకిట్లో నీళ్లతో ఎదురొచ్చింది.

"సావింటికి పోయొచ్చినవు. నెత్తి మీద నీళ్లు వోస్కొని లోపటికి పో."

"ఇంట్లకు వోతలేను గద! డార్క్‌రూములకు వోతున్న. పావుగంట. ఎవ్వలొచ్చినా తలుపు కొట్టనియ్యకు."

"గంత ఆత్రమేంది? ఆమె లేచి పోతదా?"

హన్మాండ్లు నవ్వుతూ గడియ పెట్టాడు.

చీకటి... కళ్లు తెరిచినా మూసినా ఒకటే. బొమ్మను నిలబెట్టే మందు, హైపో, పుల్లటి వాసన. రేకుల మీద మళ్లీ సన్నగా చినుకులు. కెమెరాలోంచి ఫిల్ము తీసి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, నడుమ భాగం బొమ్మ తేల్చే మందు తట్టలో మునిగేలా ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి ఆడించడం మొదలుపెట్టాడు. ఎనిమిది నిమిషాలు అలా ఆడించాలి. చేతులు ఖాళీ ఉండవు. గడియారం కనపడదు. అందుకే అతను శివనామంతో లెక్కపెట్టుకునేవాడు. నూటెనిమిది నామాలు, నాలుగు మార్లు. తలుపు తీస్తే వెలుతురు తగిలి ఫిల్ము మొత్తం నల్లబడుతుంది. ఈపాటికి చితి అంటుకుని ఉంటుంది. ముత్తవ్వ మొఖం ఇక భూమ్మీద ఉన్నది ఈ ఫిల్ము మీదే.

"శివా ఒకటి... శివా రెండు..."

మొదటి మారు అయింది. రెండో మారు సగానికొచ్చాక వాసన మారింది. హైపో కాదు. తడిసిన పసుపు. ఊదుబత్తి. తన బట్టలకే అంటుకుని ఉంటుందనుకున్నాడు.

"శివా తొంభై ఒకటి... శివా..."

"తొంభై రెండు."

చేతులు ఆగిపోయాయి.

చినుకుల చప్పుడు. తట్టలో మందు అలల చప్పుడు. ఇంకేం లేదు. తన గొంతే అయ్యుంటుంది... గది చిన్నది... మాట తిరిగి వినపడుతుంది...

"శివా... తొంభై మూడు..."

"తొంభై నాలుగు బిడ్డా."

వెనక నుంచి. నిలబడ్డ మనిషి గొంతు కాదు. కూర్చున్న మనిషి గొంతు, నడుమెత్తు నుంచి.

ఆ గదిలో కుర్చీ లేదు.

హన్మాండ్లు తిరగలేదు. తిరిగినా చీకటే. రెండో మారు పూర్తయితే ఒక్క క్షణం సన్నటి పచ్చదీపం వేసి చూసుకోవచ్చు, ఫిల్ముకు చెరుపు లేదు. మిగిలిన నామాలు గబగబా ముగించి, పంటితో ఆ దీపం దారం పట్టి లాగాడు. పచ్చటి మసక వెలుగులో ఫిల్ము ఎత్తి పట్టాడు.

మొదటి బొమ్మలో రాజేశ్వర్ అంగీ గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. తారాబాయి ముక్కుపుడక స్పష్టం. కుర్చీ కోళ్లు స్పష్టం. నడుమ ముత్తవ్వ మొఖం ఉండాల్సిన చోట... మంచు. చెదిరిపోయిన మంచు. కెమెరా కదిలితే అందరూ చెదరాలి కదా. బతికున్నవాళ్లు కదలలేదు.

రెండో దాంట్లో ఆ మంచు భుజం మీది నుంచి కొంచెం పైకి లేచింది. మూడో దాంట్లో ఇంకొంచెం.

నాలుగోది స్పష్టంగా ఉంది. తల నిటారుగా. నెగటివ్‌లో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా కనిపిస్తుంది. మొఖంలో రెండు నల్లటి చుక్కలు. అంటే, తెరుచుకున్న కళ్లలో తెల్లగుడ్లు.

కుంచె ఇంకా ముంచనే లేదు.

దీపం దానంతటదే ఆరింది.

"తలుపు తియ్యి బిడ్డా... ఎలుగు రానీ..."

"అవ్వా... నీ కొడుకు... మొఖం యాదికుండాలె అన్నడు... గందుకే అవ్వా..."

"ఎలుగు రానీ."

ఊపిరి మెడ వెనక తగిలింది. చల్లగా. ఎటు పోతాడు? రెండు చేతుల్లో ఫిల్ము. వదిలితే రాజేశ్వర్ తల్లి పోతుంది. వదలకపోతే... మూడో మారు మొదలుపెట్టాడు. "శివా ఒకటి." వెనక గొంతు "రెండు" అంది. మూడు అతను. నాలుగు ఆమె. ఇద్దరూ కలిసి లెక్కపెడుతున్నారు. అమ్మలారా, భగవన్నామం నోట్లో ఉండగా కూడా మనిషికి అంత భయం వేస్తుందని నేననుకోలేదు.

నలభై దగ్గర చల్లటి వేళ్లు అతని మోచేతి మీద పడ్డాయి. ఫిల్ము తట్టలోకి జారింది. హన్మాండ్లు తలుపు వైపు దూకాడు. ఒక అంగ... రెండు... మూడు... నాలుగు. గోడ తగల్లేదు. అయిదు. ఆరు. చేతులు చాచాడు. ఏమీ లేదు. ఎనిమిది... తొమ్మిది... కాళ్ల కింద గచ్చు కూడా కాదు, మెత్తటి తడి మన్ను. ముఖానికి చెరుకాకుల్లా ఏవో కోసుకుంటున్నాయి.

"శ్యామలా! తలుపు గొట్టు! శ్యామలా!"

ఆమె దూరంగా, బావి అడుగు నుంచి పిలిచినట్టు జవాబిచ్చింది: "నువ్వే కొట్టొద్దంటివి గదా!"

పైకి చెయ్యి చాచాడు. ఎక్కడో ఒక దారం వేలికి తగిలింది. పెద్దదీపం దారం. లాగితే ముత్తవ్వ మొఖం పోతుంది. అతనికి తెలుసు. రాజేశ్వర్ గొంతు చెవుల్లో ఉంది. అయినా...

లాగాడు.

తెల్లటి వెలుతురు. నాలుగంగల గది. చేతికందే దూరంలో తలుపు. ఎవరూ లేరు. తట్టలో ఫిల్ము కళ్ల ముందే నల్లబడిపోతోంది.

దాన్ని హైపోలో వేసి, కడిగి, తీగకు వేలాడదీసి బయటపడ్డాడు. ఏళ్ల అలవాటు, చేతులు వాటంతటవే చేశాయి. శ్యామలమ్మ అతన్ని వాకిట్లో కూర్చోబెట్టి నెత్తి మీద ఏడు చెంబుల నీళ్లు పోసింది. రాత్రంతా మంచం మీద కళ్లు తెరుచుకునే పడుకున్నాడు.

తెల్లారి రాజేశ్వర్ వచ్చాడు. తలకు గుడ్డ చుట్టుకుని బెంచీ మీద కూర్చుని, "అవ్వ మంచిగ వడ్డదా అన్నా?" అన్నాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు.

"ఉండు పటేలా... తెస్త."

తీసుకొచ్చి చూపించి కాళ్ల మీద పడదామని హన్మాండ్లు లోపలికి పోయాడు. అలవాటు కొద్దీ గడియ పెట్టాడు. పెద్దదీపం వేశాడు. ఆరిన ఫిల్మును తీగ మీంచి తీసి వెలుతురుకు ఎత్తాడు.

ఒకటి నుంచి నాలుగు దాకా బొగ్గులా నలుపు. ముత్తవ్వ లేదు.

అయిదోది... అతను అయిదోది తీయనే లేదు. కానీ ఉంది. అద్దంలా స్పష్టంగా. తట్ట మీద వంగి, రెండు చేతులతో ఫిల్ము ఆడిస్తున్న మనిషి వీపు. కూర్చున్నవాళ్ల కంటి ఎత్తు నుంచి తీసింది.

ఆరు. చేతులు చాచి తడుముకుంటున్న మనిషి. ఏడు. దారం పట్టుకున్న చెయ్యి. ఎనిమిది. వాకిట్లో నెత్తి మీద నీళ్లు పోయించుకుంటున్న మనిషి. తొమ్మిది. మంచం మీద కళ్లు తెరుచుకుని. పక్కన శ్యామలమ్మ నిద్ర.

పది. ఫిల్మును దీపానికి ఎత్తి పట్టుకున్న మనిషి. ఒంటి మీద ఇవాళ తొడుక్కున్న బనీను.

పదకొండు. ఇదే గది. ఇదే తలుపు, బార్లా తీసి ఉంది. గడప మీద రాజేశ్వర్, ఒక కాలు లోపల పెట్టి.

హన్మాండ్లు చటుక్కున తిరిగాడు. తలుపు మూసే ఉంది. గడియ పెట్టే ఉంది.

పన్నెండోది, రాజేశ్వర్ గడప దాటాక జరగబోయేది, అతని బొటనవేలి కింద ఉంది.

బయట అడుగుల చప్పుడు. తలుపు మీద మెల్లగా చెయ్యి పడింది.

"అన్నా... తలుపు తియ్యి. అవ్వను సూడాలె."

"రాకు పటేలా! ఇంటికి వో! పో!"

"గట్లంటవేంది? ఒక్కపారి సూశి పోత. తియ్యన్నా."

గడియ సన్నగా కదిలింది. హన్మాండ్లు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. వేలు తీసి చూడలేడు. తియ్యకుండా ఉండలేడు. రాత్రంతా వేలాడి గలగలా ఎండిపోయిన ఫిల్ము అది. ఆ వేలి కింద మాత్రం తడిగా ఉంది.

వెచ్చగా కూడా ఉంది.