నాలుగంకెల వాగ్దానం

"పకడో! పకడో ఉస్కో!"

వాణ్ణి పట్టుకోమని అరుస్తూ ఎల్సా పరిగెడుతోంది.

ఢిల్లీ పక్కన వైశాలి మెట్రో స్టేషన్ కింద రోడ్డు. జనవరి పొగమంచు. సాయంత్రం ఆరుంబావుకే చిమ్మచీకటి!

ముందు బైక్... దాని మీద ఇద్దరు. వెనక కూర్చున్నవాడి చేతిలో ఆమె ఫోన్!

ఎడమకాలి చెప్పు ఊడిపోతుంది. అయినా ఆగదు.

ఒక ఈ-రిక్షా రోడ్డుకి అడ్డంగా తిరుగుతుంది. బైక్ స్లో అవుతుంది. ఇంకో నాలుగడుగులు... మూడు... వాడి జాకెట్ ఆమె వేళ్లకి అందుతుంది!

వాడు వెనక్కి తిరిగి మోచేత్తో ఒక్కటిచ్చాడు.

అంతే! ఎల్సా దబ్బున కింద పడింది. బైక్ ఎర్ర లైటు మంచులో కలిసిపోయింది.

"దీదీ! చోట్ లగీ క్యా?" దెబ్బ తగిలిందా అంటూ మోమోలు అమ్మే అతను పరిగెత్తుకొచ్చి లేపుతున్నాడు.

మోకాలు చీరుకుపోయింది. పన్నెండేళ్లుగా ఐసీయూలో నర్సు ఆమె. ఆ రక్తం వంక కూడా చూడలేదు.

"భయ్యా, ఫోన్... ఏక్ కాల్... ప్లీజ్!"

ఆమెకి కంఠతా వచ్చిన నంబర్ ఒక్కటే. భర్త నథానియేలుది.

"ఏవండీ... నా ఫోన్ కొట్టేశారండీ!"



"అక్కడే ఉండు. కదలకు. వస్తున్నా!"

ఎల్సా మోమోల బండి పక్కన స్టూలు మీద కూలబడింది. ఫోన్ పోతే పోయింది, దాని మొహం! ఆమె భయమంతా అందులో ఉన్న సిమ్ గురించి!

ఎందుకంటే... రేపు పది గంటలకి కోర్టులో ఆమె చెల్లెలు జెనీఫర్ బెయిల్ హియరింగ్.

జెనీఫర్‌కి ఇరవై నాలుగేళ్లు. అక్క పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. రెండు నెలల కిందట ఆమె ఇంజెక్షన్ ఇచ్చిన పేషెంటు చనిపోయాడు. సీసాలో మందు లేదు... నీళ్లు! 'మందు దొంగిలించి నీళ్లు నింపింది ఈ పిల్లే' అని ఆసుపత్రి చేతులు దులుపుకుంది. పిల్ల జైల్లో కూర్చుంది!

నీళ్లు నింపింది ఎవరో ఎల్సా కళ్లారా చూసింది. వీడియో తీసింది. ఫార్మసీ ఇన్‌ఛార్జి నవదీప్... స్టోర్ రూములో సీసాల మీద లేబుళ్లు అంటిస్తూ... నలభై సెకన్లు!

ఆ వీడియో ఆమె ఆన్‌లైన్ అకౌంట్‌లో ఉంది. ఇంకెక్కడా లేదు. పెన్ డ్రైవ్‌లో వేయించి లాయర్ మనోహర్ గారికి ఇవ్వాలని ఇప్పుడే బయల్దేరింది. ఇంతలో ఈ ఘోరం!

కొత్త ఫోన్లో ఆ అకౌంట్ తెరవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చేది ఆ సిమ్‌కే. ఆ సిమ్ ఎవరి చేతిలో ఉంటే అకౌంట్ వాళ్లది. ఒక్క డిలీట్... జెనీఫర్ బతుకు తెల్లారినట్టే!

ఆరూ నలభై.

స్కూటర్ వచ్చి ఆగింది. నథానియేలు హెల్మెట్ తీయకుండానే దిగాడు. అతనూ అదే ఆసుపత్రిలో స్టోర్ కీపర్.

"దెబ్బ గట్టిగా తగిలిందా?"

"దెబ్బ సంగతి తర్వాత! ముందు మీ ఫోన్ ఇవ్వండి!"

లాక్కున్నట్టే తీసుకుంది. తన నంబర్‌కి తనే డయల్ చేసింది.

'మీరు కాల్ చేస్తున్న నంబర్ స్విచ్డ్ ఆఫ్...'

"హమ్మయ్య!"

"హమ్మయ్య ఏంటి? సిమ్ బ్లాక్ చేయిద్దాం. కస్టమర్ కేర్‌కి కొడతా ఉండు."

"వద్దండీ! బ్లాక్ చేస్తే కొత్త సిమ్ తీసుకోవాలి. కొత్త సిమ్‌కి ఇరవై నాలుగు గంటలు మెసేజ్‌లు రావు. మరి రేపు పొద్దున నా ఓటీపీ ఎలా వస్తుంది?" ఎల్సా కళ్లు తుడుచుకుంది. "పోలీసుల్ని పట్టుకుని, ఆ సిమ్మే వెనక్కి తెచ్చుకోవాలి. అప్పటిదాకా దానికి తాళం ఉంది. సిమ్ పిన్ పెట్టాను!"

"సిమ్‌కి పిన్నా?"

"అవును! సిమ్ తీసి ఏ ఫోన్లో వేసినా పిన్ అడుగుతుంది. పిన్ కొట్టేదాకా నెట్‌వర్క్ రాదు, అందుకే స్విచ్డ్ ఆఫ్ అంటోంది. మూడుసార్లు తప్పు కొడితే లాక్! ఇక కంపెనీవాళ్లు పీయూకే నంబర్ ఇస్తే తప్ప ఆ దేవుడు కూడా తెరవలేడు!"

నథానియేలు అటూ ఇటూ చూశాడు.

"అంతా బానే ఉంది గానీ, మన అబ్బాయి స్టీవ్ గాడి పుట్టినరోజు పెట్టలేదు కదా? అలాంటివి ఇట్టే కనిపెట్టేస్తారు."

"నేనేమన్నా పిచ్చిదాన్నా? ఈ ఏటి వాగ్దానం పెట్టా."

నంబర్ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

వాళ్ల చర్చిలో డిసెంబర్ ముప్ఫై ఒకటి రాత్రి అందరూ వాగ్దానం కార్డులు తీస్తారు. ఏడాది పొడుగునా దేవుడు తోడుంటానని ఇచ్చిన మాట. కార్డు మీద బైబిల్ అధ్యాయం, వచనం నంబర్లు... కలిపితే నాలుగంకెలు. ఆసుపత్రి తెలుగు నర్సులందరికీ అదో సెంటిమెంటు. లాకరుకీ అదే, సూట్‌కేసుకీ అదే! ఎల్సా కార్డు ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

"మంచి పని చేశావు," అన్నాడు నథానియేలు. "ఫోన్ ఒకసారి ఇవ్వు. లేటవుతుందని స్టీవ్‌కి చెప్తా. స్కూటర్ తిప్పి తెస్తా."

వెళ్లాడు. రెండు నిమిషాల్లో వచ్చాడు. ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

ఎల్సా మళ్లీ డయల్ చేసింది. ఆ స్విచ్డ్ ఆఫ్ మాట వింటుంటే ధైర్యంగా ఉంది ఆమెకి.

ట్రింగ్... ట్రింగ్...

ఎల్సా స్టూలు మీంచి దిగ్గున లేచింది.

"ఏవండీ... రింగవుతోంది!"

"ఏంటీ?"

"రింగవుతోందండీ! పిన్ కొట్టేశారు! ఎలా... ఎవరికి తెలుసు?"

నథానియేలు వెంటనే అన్నాడు, "సరళ ఆంటీ!"

"ఛ... ఆంటీ ఎందుకు..."

"ఆ రాత్రి నీ కార్డు చదివి వినిపించింది ఎవరు? నీ పక్కన కూర్చుంది ఎవరు? ఆలోచించు! ఆ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ల నించి ఉంది. వాళ్ల ఉప్పు తింటోంది!"

సరళకుమారి. నర్సింగ్ సూపర్‌వైజర్. ఏలూరు నుంచి ఎల్సాని ఢిల్లీ తీసుకొచ్చింది ఆవిడే. ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. కాన్పప్పుడు తల్లిలా పక్కనుంది కూడా ఆవిడే!



"పదండి! ఆంటీ ఇంటికి! బ్లాక్ చేస్తే రేపు నాకూ ఓటీపీ రాదు, ఆ సిమ్ ఎక్కడుందో ఆవిణ్ణే అడుగుదాం!"

స్కూటర్ మంచును చీల్చుకుంటూ పోతోంది. వెనక ఎల్సా ఆపకుండా డయల్ చేస్తూనే ఉంది. కట్ చేస్తున్నారు. మళ్లీ కొడుతోంది. మళ్లీ కట్! ఏడు... ఎనిమిది... పదకొండోసారి...

'స్విచ్డ్ ఆఫ్!'

"అయిపోయింది," అంటూ భర్త వీపు మీద తల వాల్చి ఏడ్చేసింది. "వాళ్ల పని అయిపోయిందండీ..."

అతను స్పీడు పెంచలేదు.

మూడో అంతస్తు. ఎల్సా తలుపు మీద రెండు చేతులతో బాదింది. సరళకుమారి తలుపు తీసింది. అరవైకి దగ్గరపడిన మనిషి, నైటీ మీద శాలువా.

"ఎల్సమ్మా! వచ్చావా తల్లీ! నీ కోసమే..."

"ఎంతకి అమ్మేశారు ఆంటీ నా చెల్లిని?"

ఆవిడని తోసుకుంటూ ఎల్సా లోపలికొచ్చింది.

"నా పిన్ నవదీప్‌కి ఎందుకిచ్చారు? జెన్నీని నా చేతుల మీద పెంచానంటారు! ప్రార్థనలో ఏడుస్తారు! ఛీ!"

"నోర్ముయ్!"

ముప్ఫై ఏళ్లు వార్డుల్ని నడిపిన గొంతు అది. ఎల్సా నోరు దానంతటదే మూతబడింది.

"నవదీప్ ఫోన్ చేసిన మాట నిజం. ఆరున్నరకి చేశాడు. 'ఎల్సా కార్డు నంబర్ ఎంత దీదీ' అని తియ్యగా అడిగాడు. మన లాకర్ల సంగతి వాడికి తెలుసుగా! నాకు అప్పుడే అనుమానమొచ్చింది. నీ నంబర్ చెప్పలేదు. నాది చెప్పా! కొట్టుకుని చావమన్నా!"

"మరి..."

"వెంటనే నీకు చేశా. స్విచ్డ్ ఆఫ్. అందుకని..." ఆవిడ చూపు ఎల్సా భుజం మీదుగా వెనక్కి పోయింది. "నథానియేలుకి చేసి చెప్పానుగా! నీ సిమ్ నవదీప్ దగ్గరుంది, బ్లాక్ చేయించండి అని. చెప్పలేదా నీకు?"

ఎల్సా వెనక్కి తిరిగింది.

నథానియేలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తలుపు గడియ వేసేశాడు.

"ఎల్సా... నేను చెప్పేది విను."

అదే సమయంలో ఆమె చేతిలో అతని ఫోన్ గుర్రుమంది. మెసేజ్. పంపింది... నవదీప్!

'పిన్ డిలీట్ క్యోం కియా? తేరీ బీవీ నాన్‌స్టాప్ కాల్ కర్ రహీ థీ, ఆఫ్ కర్నా పడా. అబ్ ఫిర్ పిన్ మాంగ్ రహా హై. జల్దీ భేజ్!'

ఒక్కసారిగా అర్థమైంది! పిన్ పంపి చెరిపేసింది తన భర్తే! తన పదకొండు కాల్స్‌కి బెదిరి వాడు ఫోన్ ఆపేశాడు. ఆన్ చేస్తే సిమ్ మళ్లీ పిన్ అడిగింది. ఓటీపీ ఇంకా వాడి చేతికి రాలేదు!

"ఫోన్ ఇటివ్వు!" నథానియేలు మీదికి దూకాడు.

సరళకుమారి అడ్డం వచ్చింది. మంచం మీంచి లేచి కొట్టే పేషెంట్లని ఒంటిచేత్తో పట్టుకున్న మనిషి! అతని కాలర్ దొరకబుచ్చుకుని గోడకి నొక్కింది.

"పో అమ్మాయ్! లోపలికి పో!"

ఎల్సా పడగ్గదిలోకి పరిగెత్తి గడియ పెట్టింది.

చాట్ తెరిచింది. నవదీప్ మెసేజ్‌కి పైన నథానియేలు పంపి చెరిపేసిన మెసేజ్. దాని పైన...

'స్టీవ్ పుట్టినరోజు కాదా? అయితే ఆగు. ఒక్క ఛాన్సే ఉంది. ఆమెనే అడిగి కనుక్కుంటా.' హిందీలో, అతని మాటల్లోనే.

ఇంకా పైన...

'ఆరింటికి మెట్రో దగ్గర దిగుతుంది. ఎర్ర స్వెటర్.'

ఎల్సా తన ఒంటి మీది స్వెటర్ చూసుకుంది. పొద్దున అతనే బీరువాలోంచి తీసిచ్చాడు. చలిగా ఉంది, ఎర్రది వేసుకో అన్నాడు. ఎంత ప్రేమో అని మురిసిపోయింది పిచ్చిముండ!

ధడ్! ధడ్! తలుపు ఊగుతోంది.

"ఎల్సా! తలుపు తియ్! ఆ సీసాలన్నీ నా సంతకంతోనే లోపలికొచ్చాయి! నవదీప్ దొరికితే నేనూ పోతాను! జెన్నీకి ఏముంది... పెళ్లా, పిల్లలా? ఇవాళ కాకపోతే రెణ్నెల్లకి బెయిలొస్తుంది! మనకి స్టీవ్ ఉన్నాడు!"

ఎల్సా వినలేదు. సరైన పిన్ ఒకసారి పడటంతో తప్పుల లెక్క మళ్లీ మొదటికొచ్చింది, ఇంకో మూడు తప్పులు పడితే సిమ్ లాక్! కన్నీళ్లు స్క్రీన్ మీద పడుతున్నాయి. తుడిచి, టైప్ చేసింది. నోటికొచ్చిన నాలుగంకెలు.

పది సెకన్లు...

'గలత్ బతా రహా హై!' తప్పని చూపిస్తోందట!

ఫోన్ మోగింది. నవదీప్! కట్ చేసి రాసింది: 'ఆమె పక్కనే ఉంది. మెసేజ్ పెట్టు.' హిందీలోనే. వెంటనే ఇంకో నాలుగంకెలు.

ధడ్! గడియ మేకు ఒకటి ఊడిపోయింది!

'యే భీ గలత్! లాస్ట్ చాన్స్ హై. పక్కా నంబర్ బోల్!'

ఎల్సా వేళ్లు ఒక్క క్షణం ఆగాయి.

తమ పెళ్లి తేదీ. పదకొండు ఏళ్ల కిందటి తేదీ, నెల. కొట్టింది.

'పక్కా,' అని కూడా రాసింది.

తలుపు విరిగింది!

నథానియేలు లోపలికి తూలి పడ్డాడు. పెదవి చిట్లి రక్తం. ఫోన్ కోసం చెయ్యి చాపాడు... అప్పుడే అది మోగింది. ఎల్సా స్పీకర్ నొక్కింది.

"సాలే! క్యా కియా తూనే?" నవదీప్ కేకలు. "లాక్ హో గయా! పీయూకే మాంగ్ రహా హై! సునా? సబ్ లాక్ హో గయా!"

ఎల్సా కాల్ కట్ చేసింది.

నథానియేలు నేల మీద అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు. గుమ్మంలో సరళకుమారి రొప్పుతూ నిలబడి, పోలీసుల కోసం తన ఫోన్లో నూట పన్నెండు నొక్కుతోంది.

"వీడియో నీకూ రాదు ఎల్సా," అన్నాడు అతను నీరసంగా. "కొత్త సిమ్‌కి రేపు సాయంత్రం దాకా ఓటీపీ రాదు. పదింటికి కోర్టులో ఏం చూపిస్తావు?"

ఎల్సా అతని ఫోన్‌ని రెండు చేతులతో గుండెలకి అదుముకుంది. పదకొండేళ్లుగా 'ఏవండీ, మీరు' తప్ప వేరే మాట ఎరగని మనిషి, మొదటిసారి అతని కళ్లలోకి చూసి అంది:

"నిన్ను!"